మన ఊరి ఫైరింజను కథ



"కొంపలంటుకున్నట్టు ఏమిటా పరుగు?" అని పిల్లల్ని మందలిస్తూంటాం. "నా కొంప ముంచావు పో!" అని విసుక్కుంటూంటాం. రోజుకి పదిసార్లు నోటికొచ్చే ఈ రెండు మాటలూ ఎక్కణ్ణుంచి వచ్చాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకటి నిప్పు భయం, రెండోది నీటి భయం. తాటాకు ఇళ్ళలో, కాలవగట్ల మీద, ఏరు పొంగే చోట తరతరాలుగా బతికినవాళ్ళ మాటలివి. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంకలు - ఈ ప్రాంతంవాళ్ళకి రెండూ బాగా తెలిసిన భయాలే. ఈ రెండింటి నుంచీ మనల్ని కాపాడేందుకు ఇవాళ ఒక శాఖ ఉంది. దాని పెద్దపేరు అగ్నిమాపక దళం. మనకి మాత్రం అది ఫైరింజనే. ఆ ఫైరింజను మన ఊళ్ళకి ఎలా వచ్చిందో, రాకముందు ఏం చేసేవారో, వచ్చాక కూడా మనం చేయవలసింది ఏం మిగిలి ఉందో ఈ పూట చెప్పుకుందాం.

ముందు బాగా పాత కాలానికి వెళ్దాం. కౌటిల్యుడి అర్థశాస్త్రం పేరు మీరు వినే ఉంటారు. తాళపత్రాల్లో మరుగున పడి ఉన్న ఆ గ్రంథాన్ని మైసూరులో శ్యామశాస్త్రి గారు గుర్తించి 1909లో అచ్చు వేయించారు. రాజులూ, యుద్ధాలూ, పన్నులూ తప్ప అందులో మన ఆడవాళ్ళకేముంది అనుకుంటాం. కాని నగర పాలన గురించి చెప్పిన చోట సాక్షాత్తు మన వంటిల్లే కనబడుతుంది. ఎండాకాలం పట్టపగలు ఇంట్లో పొయ్యి వెలిగించకూడదు, వండుకోవాలంటే ఆరుబయట వండుకోవాలి. ప్రతి ఇంట్లోనూ నీటికుండలు, తొట్టి, నిచ్చెన, గొడ్డలి, చేట, కొక్కెం, తోలుతిత్తి సిద్ధంగా పెట్టుకోవాలి. లేకపోతే జరిమానా. కప్పు లాగేయడానికి కొక్కెం, నీళ్ళు మోయడానికి తోలుతిత్తి. మన చేటకి కూడా ఆ జాబితాలో చోటు దొరికింది చూడండి! వీధుల్లో, నాలుగు రోడ్ల కూడళ్ళలో, కోట గుమ్మాల దగ్గర వేలకొద్దీ నీటికుండలు వరసగా నింపి ఉంచాలి. కమ్మరుల్లాంటి నిప్పుతో పని చేసేవాళ్ళంతా ఒకే చోట ఉండాలి.

అన్నింటికంటే నాకు నచ్చినది ఇంకొకటి. పక్కిల్లు తగలబడుతుంటే ఆర్పడానికి పరుగెత్తని ఇంటి యజమానికి 12 పణాల జరిమానా, అద్దెకున్నవాడికి 6 పణాలు. అజాగ్రత్తవల్ల నిప్పు పెట్టినవాడికి 54 పణాలు. అంటే నిప్పు ఆర్పడం ఊరందరి విధి, చూస్తూ నిలబడటం నేరం అన్నమాట. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్ట కాల్చుకోడానికి నిప్పడిగాడట" అని మన సామెత. అలాంటివాడి చేత పణాలు కక్కించమన్నాడు కౌటిల్యుడు.

ఇతర దేశాల సంగతి రెండు మాటల్లో చెప్పి మన ఊరు వస్తాను. 1666లో లండనులో ఒక రొట్టెల బట్టీలో రేగిన నిప్పు 13 వేలకు పైగా ఇళ్ళను బూడిద చేసింది. ఆ తరువాత అక్కడ ఇళ్ళకి బీమా కంపెనీలు పుట్టాయి, ఆ కంపెనీలే మంటలార్పే జట్లను పెట్టుకున్నాయి. బీమా కట్టిన ఇంటి గోడకి కంపెనీ గుర్తున్న రేకుబిళ్ళ కొట్టేవారు. దాదాపు అదే కాలంలో, 1670లలో, ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో యాన్ వాన్ డర్ హైడెన్ అనే చిత్రకారుడు తోలు కుట్టి పొడుగాటి గొట్టం చేశాడు. అంతవరకూ పంపుని మంట దగ్గరికి మోసుకుపోవలసి వచ్చేది. గొట్టం వచ్చాక పంపు దూరంగా ఉన్నా నీళ్ళు మంట దాకా వెళ్ళాయి. ఫైరింజను కథలో అసలు మలుపు అదీ. ఇక ఊరి సొమ్ముతో, బీమాతో నిమిత్తం లేకుండా అందరి ఇళ్ళకీ వచ్చే దళాన్ని 1824లో ఎడింబరో నగరంలో జేమ్స్ బ్రెయిడ్‌వుడ్ అనే ఆయన తీర్చిదిద్దాడు.

మరి మన వేపు? ఏలూరు మునిసిపాలిటీ 1866లో ఏర్పడింది. అప్పటికే కాటన్ దొర కట్టించిన ఆనకట్టల నుంచి గోదావరి కాలవా, కృష్ణా కాలవా వచ్చి ఏలూరులో కలుసుకున్నాయి. ఊరి పక్కన తమ్మిలేరు, కింద కొల్లేరు. నీటికేం కొదవ? కొదవ అల్లా ఆ నీటిని కప్పు మీదికి ఎత్తే సాధనానికే. పూరిల్లు అంటుకుంటే బావి దగ్గర్నుంచి ఇంటిదాకా మనుషులు బారులు తీరి, కడవలూ బిందెలూ చేతులు మార్చేవారు. అంటుకున్న ఇల్లు ఎలాగూ దక్కదని, పక్క ఇంటి కప్పు మీదికెక్కి తాటాకులు లాగి పారేసేవారు. తడి గోనెసంచులతో చూరు కొట్టేవారు. ఎండాకాలంలో గాలి లేవకముందే వంట ముగించి, పొయ్యిలో నిప్పు నీళ్ళు చల్లి ఆర్పేయమని అత్తగార్లు కోడళ్ళకి చెప్పేవారు. ఆ అత్తగార్లు అర్థశాస్త్రం చదవలేదు గాని, చెప్పింది మాత్రం అదే. 1920 నాటి మద్రాసు జిల్లా మునిసిపాలిటీల చట్టంలో కూడా గడ్డి, ఆకులు, చాపలతో కప్పు వేయడానికి మునిసిపాలిటీ అనుమతి కావాలన్న షరతు ఉంది. పెంకుటిల్లు కట్టుకునే స్తోమతు లేనివాడు ఆ షరతుతో ఏం చేసుకుంటాడు? ఊరి చివరికి పోయి మళ్ళీ తాటాకిల్లే వేసుకుంటాడు. నిప్పు భయం పేదవాడితోపాటు ఊరి చివరికి నడిచిందే గాని పోలేదు.

ఆ రోజుల్లో ఇంకో నిప్పుగండం సినిమా. అప్పటి ఫిల్ము నైట్రేటుతో చేసేవారు. అది అంటుకుంటే నీళ్ళలో ముంచినా ఆరదు. అందుకే మన దేశంలో 1918లో వచ్చిన మొదటి సినిమా చట్టం లైసెన్సుల విషయంలో ప్రేక్షకుల క్షేమాన్ని ముఖ్యంగా చూసింది. హాళ్ళలో గోడకి వేలాడే ఎర్ర బక్కెట్లు మీకు గుర్తున్నాయా? ఒకదాంట్లో ఇసుక, ఒకదాంట్లో నీళ్ళు. కొన్నిటికి అడుగు గుండ్రంగా ఉండేది. ఎందుకంటే చదునుగా ఉంటే ఎవరో ఒకరు ఇంటి పనికి పట్టుకుపోతారని! నేల మీద నిలబడని బక్కెట్టు ఎవరికి కావాలి?

మద్రాసు నగరానికి ఫైర్ బ్రిగేడు 1908లో వచ్చింది. జిల్లా పట్టణాల దాకా ఆ ఆలోచన పాకడానికి మాత్రం యుద్ధం రావలసి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. కోస్తా అంతా గగ్గోలెత్తిపోయింది. తాడేపల్లిగూడెంలో విమానాల కోసం రన్‌వే వేసింది ఆ యుద్ధకాలంలోనే. దాని పొడవాటి సిమెంటు బాట ఎన్నో ఏళ్ళు ఆ ఊరి గుర్తుగా ఉండిపోయింది. బాంబు పడితే పేలుడుకంటే తరువాత రేగే మంటే ఎక్కువ నాశనం చేస్తుందని లండను అనుభవం. అందుకే ఏ.ఆర్.పి. అని వైమానిక దాడుల రక్షణ ఏర్పాట్లు జరిగాయి. బక్కెట్టులో పెట్టి, కాలితో తొక్కిపట్టి, చేత్తో కొట్టే చిన్న స్టిరప్ పంపులూ, లారీ వెనక తగిలించి లాక్కుపోయే ట్రైలర్ పంపులూ అప్పటి సాధనాలు. భయంలోంచి పుట్టిన ఈ ఏర్పాట్లే యుద్ధం ముగిశాక శాంతి కాలపు దళానికి పునాది అయ్యాయి.

ఆ యుద్ధకాలంలోనే జరిగిన ఒక విషాదాన్ని తలుచుకోకుండా ముందుకు వెళ్ళలేం. 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికిన్ అనే ఓడకి నిప్పంటుకుంది. అందులో పత్తి బేళ్ళూ, పేలుడు మందులూ ఒకే ఓడలో! ఆర్పడానికి వెళ్ళిన బొంబాయి ఫైర్ బ్రిగేడు వాళ్ళు ఓడని వదిలి పారిపోలేదు. ఓడ పేలిపోయింది. 66 మంది అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు వదిలారు. అందుకే ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు. ఆ వారంలో మన వీధుల్లోకి, బడుల్లోకి వచ్చి ఫైరింజను వాళ్ళు విన్యాసాలు చేసి చూపిస్తారు. అది తమాషా కాదు, ఆ 66 మందికి చేసే తద్దినం అనుకోండి.

స్వతంత్రం వచ్చాక, 1956లో రాంపూరులో జాతీయ అగ్నిమాపక కళాశాల పెట్టి, మరుసటి ఏడు నాగపూరుకి మార్చారు. ఆ 1956లోనే ఆంధ్రప్రదేశ్ ఏర్పడి, మద్రాసు పద్ధతిలో నడిచిన ఆంధ్ర స్టేషన్లూ, నైజాము పద్ధతిలో నడిచిన తెలంగాణా స్టేషన్లూ ఒకే శాఖ కిందికి వచ్చాయి. 1999లో ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక చట్టం వచ్చింది. 2014లో రాష్ట్రం రెండయినప్పుడు శాఖా రెండయింది. ఇవాళ మన శాఖ పేరులో విపత్తుల స్పందన అన్న మాట కూడా చేరింది. ఏలూరులో, తాడేపల్లిగూడెంలో, భీమవరంలో, కైకలూరులో ఫైర్ స్టేషన్లున్నాయి.

స్టేషను ముందునుంచి వెళ్తూ చూస్తాం గాని, లోపల ఏముంటుందో మనలో చాలామందికి తెలియదు. స్టేషన్ ఫైర్ ఆఫీసరు, లీడింగ్ ఫైర్‌మన్లు, ఫైర్‌మన్లు, డ్రైవర్ ఆపరేటర్లు ఉంటారు. డ్రైవర్ ఆపరేటరు అంటే బండీ నడపాలి, పంపూ నడపాలి. ఎర్ర బండి ఎప్పుడూ నీళ్ళు నింపి, ముందు ముఖం రోడ్డు వేపు పెట్టి ఉంచుతారు. వెనక్కి తీసి తిప్పుకునే అర నిమిషం కూడా దండగే కదా. గొట్టాలు చుట్టలు చుట్టి అరల్లో ఉంటాయి. వాటి కొసన బిగించే ఇత్తడి మూతిని బ్రాంచి అంటారు. చెరువులోంచో కాలవలోంచో నీళ్ళు పీల్చే లావుపాటి గొట్టం వేరు. దానికి తూటుపొరకా, నాచూ లోపలికి పోకుండా జల్లెడలాంటి బుట్ట తగిలిస్తారు. వాడిన గొట్టాలు కడిగి ఎండేస్తారు, తడిగా చుట్టి పెడితే బూజు పట్టి చిరుగుతాయని. మనం ఊరగాయ జాడీ విషయంలో పడే శ్రద్ధ లాంటిదే ఇదీ.

ఇక్కడ ఒక లెక్క చెప్పాలి. మామూలు ఫైరింజనులో సుమారు 4,500 లీటర్ల నీళ్ళు పడతాయి. బోలెడన్ని నీళ్ళు అనుకుంటాం. ఒక గొట్టంతో నిమిషానికి 450 లీటర్ల చొప్పున వదిలితే పది నిమిషాల్లో అయిపోతాయి. రెండు గొట్టాలు విప్పితే అయిదే నిమిషాలు. "ఫైరింజను వచ్చింది గాని నీళ్ళు అయిపోయాయి" అని జనం తిట్టడం వింటూంటాం. అందులో వాళ్ళ తప్పు లేదు. ఆ పది నిమిషాల్లోగా పక్కన ఇంకో నీటి వసతి చూసుకోవాలి. కాలవలున్న డెల్టాలో అది సులభమే అనిపిస్తుంది. కాని మన కాలవల సంగతి మీకు తెలుసుగా? వేసవిలో మరమ్మతుల కోసం కాలవలు కట్టేస్తారు. సరిగ్గా నిప్పులు రేగే ఏప్రిల్, మే నెలల్లోనే కాలవలో బురద తప్ప ఏమీ ఉండదు. గడ్డివాములు ఎండి ఉంటాయి, వడగాలి వీస్తుంది, కాలవ మాత్రం ఎండిపోయి ఉంటుంది. ఈ ప్రాంతపు నిప్పు చరిత్ర అంతా ఈ ఒక్క మాటలో ఉందంటాను. అందుకే ఊరి మంచినీళ్ళ చెరువుని వేసవికి ముందే నింపి ఉంచుకోవడం ఒక్క తాగడానికే కాదు.

ఇప్పుడు కొల్లేటి లంకల సంగతి. సరస్సు మధ్యనా అంచులనా దిబ్బల మీద నలభైకి పైగా లంక గ్రామాలున్నాయి. మెరక నేల కొంచెమే, కుటుంబాలు ఎక్కువ. అందుకని ఇళ్ళు ఒకదాని చూరు ఒకటి తాకేటట్టు వేసుకునేవారు. కప్పుకి తాటాకు, దడికి తుంగ, జమ్ము. ఒక ఇంటి కప్పు మీదినుంచి ఎగిరిన నిప్పురవ్వ గాలివాటున పడితే వరసంతా అంటుకునేది. చుట్టూ కనుచూపు మేర నీళ్ళు, నడుమ మంట! ఇంతకన్నా దురదృష్టం ఏముంటుంది? దోనెల్లో తప్ప దారిలేని లంకకి ఫైరింజను ఎలా వెళ్తుంది? గట్టు మీద బాట ఉన్నా, నీళ్ళ బరువే నాలుగున్నర టన్నులు, దానిమీద లారీ బరువు. సన్నని గట్టు, పాత వంతెన ఆ బరువు ఆపగలవా? ఫైరింజను రోడ్డు కొసన ఆగిపోతే ఆపైన దిక్కు లంకవాళ్ళ బిందెలే. అలాంటి చోటికి కావలసింది పెద్ద బండి కాదు, ఇద్దరు ముగ్గురు మోసుకుపోయి దోనెలో పెట్టుకోగల చిన్న పంపూ, దాన్ని నడపడం తెలిసిన ఊరి కుర్రవాళ్ళూ. ఇవాళ లంకల్లో డాబాలు లేచాయి, రోడ్లు పడ్డాయి. అయినా ఇంకా పూరిళ్ళున్నాయి, వాటి ముందు గడ్డీ ఉంది.

పూరిల్లు కాలిపోవడం అంటే నాలుగు తాటాకులు కాలడం కాదని మనకి తెలుసు. ధాన్యం బస్తా, పిల్లల పుస్తకాలు, ఇంటి పట్టా, రేషను కార్డు, చిట్టీ కట్టడానికి డబ్బాలో దాచిన రూపాయలు - అన్నీ పది నిమిషాల్లో పోతాయి. మర్నాడు సాయం ఇవ్వడానికి వచ్చినవాళ్ళు కాగితాలు చూపించమంటారు. ఆ కాగితాలే గదా కాలిపోయినవి!

పట్నంలో నిప్పు రూపం వేరు. తాడేపల్లిగూడెం చుట్టూ రైసుమిల్లులు, ఊక గుట్టలు, గోనెసంచుల గోడౌన్లు. ఏలూరులో జనపనార. వరిగడ్డి లోడుతో వెళ్ళే ట్రాక్టరు కరెంటు తీగకి తగిలితే నడిరోడ్డు మీదే భగ్గుమంటుంది. తడిగా వేసిన గడ్డివాము లోపల్లోపలే వేడెక్కి ఎవరూ నిప్పు పెట్టకుండానే రాజుకుంటుంది. ఇక కొత్తగా వచ్చిన ప్రమాదం రసాయనాలది. 2022 ఏప్రిల్ 4న ఏలూరు జిల్లా ఏర్పడింది. తొమ్మిది రోజులు తిరగకుండానే, ఏప్రిల్ 13 రాత్రి, ముసునూరు మండలం అక్కిరెడ్డిగూడెంలో ఒక రసాయన కర్మాగారంలో పేలుడు జరిగి మంటలు చెలరేగాయి. ఆరుగురు కార్మికులు చనిపోయారు. వారిలో పొట్టకూటికి బీహారు నుంచి వచ్చినవాళ్ళున్నారు. తెల్లవారితే అగ్నిమాపక వారోత్సవాల మొదటి రోజు. ఇలాంటి మంటల మీద ఉత్త నీళ్ళు పోస్తే సరిపోదు, ఒక్కొక్కప్పుడు నీళ్ళు పోయడమే ప్రమాదం. కౌటిల్యుడి తొట్టి నుంచి మనం ఎంత దూరం వచ్చామో చూడండి.

మొదట కొంప మునగడం మాట చెప్పాను గదా. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నీ కొల్లేట్లోకే వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్క ఉప్పుటేరు. పై ఏళ్ళు పొంగితే లంకలు మునుగుతాయి. అప్పుడు పడవలు వేసుకుని జనాన్ని ఒడ్డుకి చేర్చేది కూడా ఈ ఫైర్‌మన్లే. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడని ముంచినప్పుడు నీరు తీశాక ఇళ్ళ నిండా మేట వేసిన బురద మిగిలింది. ఎన్ని బిందెలు పోసి ఎంతసేపు కడగగలం? ప్రభుత్వం ఫైరింజన్లని వీధి వీధికీ పంపించింది. ఆ గొట్టాలతోనే రోడ్లూ, ఇళ్ళూ కడిగారు. మంటలార్పే గొట్టం మన గుమ్మం కడిగిన సంగతి ఆ వీధుల్లో ఆడవాళ్ళు మరచిపోరు.

ఈ పనిలో ఆడవాళ్ళున్నారా అని మీరు అడగవచ్చు. 2002లో నాగపూరు కళాశాలలో మొట్టమొదటి విద్యార్థినిగా హర్షిణీ కన్హేకర్ అనే అమ్మాయి చేరింది. అంతవరకూ అది మగపిల్లల కాలేజీయే. బరువైన గొట్టాలు ఎత్తి, మగపిల్లలతో సమంగా శిక్షణ ముగించి, మన దేశంలో మొదటి మహిళా అగ్నిమాపక ఇంజనీరు అనిపించుకుంది. చెప్పాలంటే ఇంట్లో నిప్పుని రోజూ అదుపులో పెట్టేవాళ్ళం మనమేగా! 2004 జులై 16న కుంభకోణంలో ఒక బడి వంటపాకలో లేచిన నిప్పు పక్కనున్న తాటాకు కప్పుకి అంటుకుని 94 మంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. వంటపాక నుంచి తరగతి గదికి దూరం ఎంత ఉండాలో ఎవరూ చూడలేదు. చూడవలసిన కళ్ళలో మనవీ ఉన్నాయి.

అందుకని ఇంటి విషయాలు నాలుగు. బూరెల మూకుడులో నూనె అంటుకుంటే నీళ్ళు పోయకండి, నూనె ఎగిరి ఇల్లంతా అంటుకుంటుంది. పొయ్యి కట్టేసి, పక్కనుంచి మూత జరిపి కప్పేయండి. గ్యాసు వాసన వస్తే దీపం స్విచ్చీ, ఫాను స్విచ్చీ ఏదీ ముట్టకండి, వేస్తే ఎంతో తీస్తే అంతే ప్రమాదం. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు బార్లా తెరిచి, బయటికి వచ్చి 1906కి ఫోను చేయండి. గ్యాసు గాలికంటే బరువైనది, నేలబారున పాకుతుంది. కట్టుకున్న చీర అంటుకుంటే పరుగెత్తవద్దు, నేల మీద పడి దొర్లాలి. కాలిన చోట సిరా, పిండి, పేస్టు పూయకుండా చల్లని నీళ్ళు ఇరవై నిమిషాలపాటు ధారగా పోయాలి. పొయ్యి దగ్గరికి నైలాను చీరతో వెళ్ళకపోవడం అన్నిటికంటే మంచిది. ఇంటి కాగితాలన్నీ గుమ్మానికి దగ్గరగా ఒక రేకుపెట్టెలో ఉంచుకోండి.

ఫైరింజనుకి ఫోను నంబరు 101. 112 అయినా పలుకుతుంది. మంట ఆర్పినందుకు వాళ్ళు మన దగ్గర పైసా తీసుకోరు. కంగారులో "మా ఇల్లు కాలిపోతోంది" అని చెప్పి ఫోను పెట్టేయకండి. ఊరు, వీధి, దగ్గర్లో ఉన్న గుడో బడో చెప్పి, ఒక కుర్రవాణ్ణి వీధి మొదట్లో నిలబెట్టండి. పది నిమిషాల నీళ్ళతో వచ్చే బండి దారి వెతుక్కుంటూ తిరగకూడదు. వీధికి అడ్డంగా పందిళ్ళు వేసినప్పుడూ, స్కూటర్లు పెట్టినప్పుడూ కూడా ఈ బండి మన ఇంటికే రావలసి వస్తే ఎలాగని ఒక్క క్షణం ఆలోచించండి.

ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు అంటారు. మన పెద్దవాళ్ళు బావి ముందే తవ్వుకున్నారు, కడవలు ముందే నింపుకున్నారు. మనకి ఫైరింజను ఉందని ఆ అలవాటు మానుకోనక్కర్లేదు. ఈ ఏప్రిల్‌లో వారోత్సవాలకి మీ పేటకి బండి వచ్చినప్పుడు పిల్లల్ని మాత్రమే పంపి ఊరుకోకండి. మీరూ వెళ్ళి, మా వీధి మలుపు మీ బండికి సరిపోతుందా, వేసవిలో మీకు నీళ్ళు ఎక్కడ దొరుకుతాయి అని ఆ ఫైర్‌మన్లని అడగండి. అడిగేవాళ్ళుంటే చెప్పడానికి వాళ్ళకీ సంతోషంగానే ఉంటుంది.